లారీ కుదుపుకు పేలని షెల్ నేలకు తగలగానే ఎలా పేలుతుంది? ఫ్యూజ్‌కి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: చెన్నై హైకోర్టు ప్రహరీ దగ్గర జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ దాడి గుర్తుగా పెట్టిన పలక చూశాక వచ్చిన సందేహం. షెల్స్‌ని (ఫిరంగి గుండ్లని) రైళ్ళలో, లారీల్లో వేసుకుని తిరుగుతారు కదా, చేజారి కిందపడితే పేలవా? గన్‌లో అంత దెబ్బ తగిలినా పేలని ఫ్యూజ్ నేలకు తగలగానే ఎలా పేలుతుంది? మొదటి నుంచీ ఇంత భద్రంగానే ఉండేవా?

జవాబు:

చివరి ప్రశ్నకు ముందు: లేదు, ఉండేవి కావు. ఎమ్డెన్ 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద, బర్మా ఆయిల్ ట్యాంకుల మీద సుమారు 130 షెల్స్ పేల్చిన నాటికి ఫ్యూజ్ భద్రత ఇంకా సగం దారిలోనే ఉంది.

ఇంట్లో కరెంటు పోతే మనం తిట్టుకునే ఫ్యూజ్‌కీ దీనికీ చుట్టరికం లేదు. షెల్ ఫ్యూజ్ అంటే గుండు ముక్కు మీద, కొన్నిటికి అడుగున, మరతో బిగించే చిన్న యంత్రం. దాని పని రెండు ముక్కలు. పేలాల్సినప్పుడు పేల్చాలి, అప్పటిదాకా పేలనివ్వకూడదు. చరిత్రలో మొదటిది తొందరగానే కుదిరింది. మనుషుల ప్రాణాలు తీసింది రెండోది.

ఇక మీ అసలు ప్రశ్న. లారీ కుదుపు, చేజారి పడటం, గన్ పేలడం, నేలకు గుద్దుకోవడం అన్నీ దెబ్బలే. దెబ్బ ఎంత గట్టిదో మాత్రమే చూసే ఫ్యూజ్ ఏదో ఒకరోజు మోసపోతుంది. గట్టి నేల మీద పడిన గుండుకు కూడా భూమ్యాకర్షణకు వేల రెట్ల తాకిడి తగలొచ్చు. కాకపోతే అది మిల్లీసెకనులో కొంత భాగం మాత్రమే ఉంటుంది. 155 మి.మీ. గన్ బ్యారెల్‌లో షెల్ మీద పడే తోపుడు పది వేల రెట్ల స్థాయికి వెళ్తుంది, పైగా పది పదిహేను మిల్లీసెకన్ల పాటు వదలకుండా పట్టుకుంటుంది. అంటే చూడాల్సింది దెబ్బ బలం ఒక్కటే కాదు, అది ఎంతసేపు నిలిచిందన్నది కూడా.

రెండో తేడా తిరుగుడు. బ్యారెల్ లోపలి రైఫ్లింగ్ గాళ్ళు 20 కాలిబర్లకు (కాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసం) ఒక చుట్టు అనుకోండి, 155 మి.మీ. గన్‌లో 3.1 మీటర్లకు ఒక చుట్టు అన్నమాట. షెల్ సెకనుకు 680 మీటర్ల వేగంతో బయటికొస్తే సెకనుకు దాదాపు 220 చుట్లు తిరుగుతుంది, నిమిషానికి 13 వేల పైచిలుకు. ఎంత అధ్వాన్నపు రోడ్డయినా, ఎంత మొరటు డ్రైవరయినా లారీలోని గుండును అలా తిప్పలేడు. ఈ రెంటినీ రెండు వేర్వేరు తాళంచెవులుగా వాడుకోవచ్చని తెలిసిన దగ్గర నుంచే ఫ్యూజ్ భద్రత నిజంగా మొదలైంది.

అంతకు ముందు ఏముండేదంటే, బీచ్ చెక్కతో చేసిన శంకువు లాంటి బిరడా, లోపల నెమ్మదిగా కాలే మందు. ఎన్ని సెకన్లు కావాలో చూసి పొడవు తగ్గించేవారు, లేదా పక్కన గురుతు ఉన్నచోట కన్నం పొడిచేవారు. 1850లలో బ్రిటిష్ అధికారి బాక్సర్ చేసిన ఫ్యూజ్ ఆ జాతిలో బాగా కుదిరినది. ఇంకా పాతకాలపు మోర్టార్లలో ఫిరంగివాడు ముందు గుండు వత్తి అంటించి, తర్వాత ఫిరంగి మందుకు నిప్పు పెట్టేవాడు. రెండోది అంటుకోకపోతే? వత్తి కాలుతున్న బాంబు గొట్టంలో, వాడు దాని పక్కన. తర్వాత గుండుకూ గొట్టానికీ మధ్య సందులోంచి వచ్చే మంటే వత్తిని అంటిస్తుందని గమనించి వత్తికి విడిగా నిప్పు పెట్టడం మానేశారు. అయినా బిరడాలో చిన్న పగులున్నా, పేలుడు తోపుకు అది లోపలికి దిగినా గుండు బ్యారెల్‌లోనే పేలేది. ఫిరంగివాళ్ళు దీన్ని ప్రిమెచ్యూర్ అంటారు. నేలకు తగిలీ పేలనిది బ్లైండ్, అమెరికన్ల మాటలో డడ్. చరిత్రంతా ఈ రెండింటి మధ్య లాగులాటే.

1800లో ఎడ్వర్డ్ హోవర్డ్ పాదరసం ఫల్మినేట్ గురించి ప్రకటించాక దెబ్బకు పేలే ఫ్యూజ్‌లకు దారి పడింది. ఆ శతాబ్దం మధ్యకల్లా తగలగానే పేలే పర్కషన్ ఫ్యూజ్‌లు వాడుకలోకి వచ్చాయి. వీటి భద్రత ఏమిటయ్యా అంటే, చేత్తో లాగేసే పిన్, ఆ తర్వాత గన్ తోపుకు తెగే సన్నని తీగ. తీగ తుప్పు పట్టినా, బరువు తగినంత లేకపోయినా పని అయిపోయినట్టే. ఒకే తాళం, అదీ తీగంత. పిన్ లాగాక షెల్ కిందపడితే మీరు అడిగిన ప్రమాదం నిజంగానే ఉండేది.

మొదటి ప్రపంచ యుద్ధంలో అసలు పరీక్ష వచ్చింది. కొద్దిమంది నేర్పరులు చేసే వస్తువు లక్షల్లో, కొత్త చేతులతో, కొత్త కార్ఖానాల్లో తయారవ్వాల్సి వచ్చింది. ఫ్రెంచివాళ్ళ 75 మి.మీ. గన్లు చాలా పగిలిపోయాయి. తప్పంతా ఫ్యూజ్ మీద వేయడం అన్యాయం, హడావుడిగా చేసిన షెల్ ఒళ్ళు కూడా కారణమే. ఇంకోవైపు 1916లో ఫ్రాన్స్‌లోని సొమ్ యుద్ధంలో జులై 1కి ముందు వారం రోజుల్లో బ్రిటిష్ వాళ్ళు సుమారు 15 లక్షల షెల్స్ కురిపిస్తే, మూడో వంతు దాకా పేలలేదని చరిత్రకారుల అంచనా. ఆ పొలాల్లో ఇప్పటికీ నాగలికి తగులుతూనే ఉంటాయి.

ఆ యుద్ధంలోనే వచ్చిన బ్రిటిష్ 106 నంబర్ ఫ్యూజ్ చూడదగ్గది. ముక్కున ఉన్న స్ట్రైకర్ (నేలకు తగలగానే లోపలి మందును పొడిచే సూది) కాడకు ఇత్తడి టేపు చుట్టి ఉంటుంది. పైన సేఫ్టీ టోపీ. లోడ్ చేసే ముందు టోపీ తీస్తారు, టేపు మాత్రం షెల్ తిరుగుడుకే విప్పుకోవాలి. అంటే బ్యారెల్ దాటాకే స్ట్రైకర్‌కు స్వేచ్ఛ. ఇక్కడ ఒక లోపం మిగిలింది. టేపు సరిగ్గా ఉన్నా, డిటోనేటర్ (ముందుగా పేలి మిగతా మందును పేల్చే చిటికెడు మందు) తనంతట తాను పేలితే? తోపుడుకు మందులో పగులొచ్చి పేలితే? ఆపే నాథుడు లేడు. అందుకే తర్వాతి రకాల్లో డిటోనేటర్‌కూ కింది మందుకూ మధ్య దారిలో అడ్డుపలక పెట్టారు. తిరుగుడు వల్ల అది పక్కకు జరిగితేనే దారి తెరుచుకుంటుంది. అలాంటివాటికి పేరు చివర ‘ఈ’ అక్షరం తగిలించారు.

నా దృష్టిలో ఫ్యూజ్ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఆ చిన్న పలకే. ఎందుకో చెప్పాలంటే లోపలి వరస చూడాలి. 155 మి.మీ. ఎం107 షెల్ మొత్తం బరువు 43 కిలోల పైన, అందులో టీఎన్‌టీ 6.6 కిలోలు. ఆ టీఎన్‌టీ మొద్దు సరుకు, సుత్తితో కొట్టినా సాధారణంగా ఉలకదు. దాన్ని లేపడానికి బూస్టర్ కావాలి, బూస్టర్‌ను లేపడానికి డిటోనేటర్. గిల్లితే పేలే సరుకు డిటోనేటర్‌లోనే ఉంటుంది, గ్రాములో చిన్న భాగం. 43 కిలోల ఇనుప గుండు భద్రత మొత్తం ఆ చిటికెడు మందు ఎక్కడుందన్న దాని మీద ఆధారపడింది. పాత పద్ధతి దాన్ని పేలకుండా కాపలా కాయడం. కొత్త పద్ధతి, పేలితే పేలనీ, బూస్టర్‌కు అంటకుండా పక్కన కూర్చోబెట్టడం.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికన్ షెల్స్‌లో ఎం20, ఎం21 బూస్టర్లు ఈ పని చేసేవి. లోపల గుండ్రటి రోటర్‌లో డిటోనేటర్ అడ్డంగా ఉంటుంది. తిరుగుడుకు తాళాలు వదిలాకే రోటర్ తిరిగి వరసలోకి వస్తుంది. తర్వాతి ఎం125లో రోటర్‌కు గడియారం లాంటి పళ్ళచక్రాలు తగిలించారు, వరసలోకి రావడం ఆలస్యం అయ్యేలా. షెల్ మజిల్ (గన్ మూతి) దాటి కొంత దూరం పోయేదాకా ఫ్యూజ్ నిద్ర లేవదు. మజిల్ ఎదుట చెట్టుకొమ్మ తగిలినా సొంత మనుషులు బతుకుతారు.

యంత్రం ఒక్కటే కాదు, రసాయనం కూడా తోడ్పడింది. పాదరసం ఫల్మినేట్ వేడి నిల్వలో చెడిపోతుంది. చల్లని దేశపు మందుగుండు గిడ్డంగిలో ఏళ్ళు ఆగేది చెన్నై లాంటి ఎండలో ఆగదు. దాని బదులు వచ్చిన లెడ్ ఎజైడ్ వేడికి తట్టుకుంటుంది. కానీ తేమ ఉండి రాగి, ఇత్తడి తగిలితే కాపర్ ఎజైడ్ పుడుతుంది, అది లెడ్ ఎజైడ్ కన్నా ఎన్నో రెట్లు చిరాకు సరుకు. అందుకే డిటోనేటర్ గిన్నెలు అల్యూమినియంతో చేయడం అలవాటైంది. ఫ్యూజ్ సీలు చెడితే పారేయమనడం వెనుక పిసినారితనం లేకపోవడమే కాదు, ఈ కారణం కూడా ఉంది.

రేడియోతో పనిచేసే ప్రాక్సిమిటీ ఫ్యూజ్ వచ్చినప్పుడు కొత్త భయం పుట్టింది. గురి దగ్గరికి రాగానే పేల్చే ఈ ఫ్యూజ్‌ను అమెరికాలో మెర్ల్ ట్యూవ్ బృందం చేసింది. 1943 జనవరి 5న హెలెనా అనే యుద్ధనౌక దీంతో తొలిసారి విమానాన్ని కూల్చింది. లోపల కరెంటు ఉంటే నిల్వలోనే పేలదా? దానికి వాళ్ళ జవాబు ముచ్చటైనది. బ్యాటరీ ద్రవాన్ని గాజు బుడ్డిలో విడిగా పెట్టారు. గన్ తోపుకు బుడ్డి పగులుతుంది, తిరుగుడుకు ద్రవం పలకల మధ్యకు చిమ్ముతుంది, అప్పుడే కరెంటు పుడుతుంది. పేల్చనంతకాలం లోపల కరెంటన్నదే ఉండదు. ఇంకా అనుమానం తీరక పాదరసం స్విచ్ కూడా పెట్టారు. తిరుగుడుకు పాదరసం సన్న రంధ్రాల గోడలోంచి నెమ్మదిగా కారిపోయేదాకా పేల్చే సర్క్యూట్ షార్ట్ అయి ఉంటుంది.

వాన సంగతి వేరే చెప్పాలి, ఈశాన్య రుతుపవనాల ఊళ్ళో ఉంటారు కదా. వియత్నాం జడివానల్లో ఎం557 ఫ్యూజ్ దారి మధ్యలోనే పేలిన సందర్భాలు వచ్చాయి. సెకనుకు వందల మీటర్ల వేగంలో పెద్ద చినుకు ముక్కుకు తగిలితే చిన్న రాయి తగిలినట్టే. తర్వాత వచ్చిన ఎం739లో ముక్కు కన్నంలో అడ్డకడ్డీలు పెట్టారు. చినుకు వాటికి తగిలి చీలిపోతుంది, లోపలి స్ట్రైకర్‌ను నొక్కేంత బలం మిగలదు. నేల, గోడ లాంటివి మాత్రం ముక్కునే నలిపేస్తాయి కాబట్టి పని జరుగుతుంది.

ఈ అనుభవాలన్నిటినీ రాతపూర్వకంగా పెట్టిన అమెరికన్ ప్రమాణం మిల్ స్టాండర్డ్ 1316. కనీసం రెండు తాళాలు, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి, వేర్వేరు శక్తులతో తెరుచుకునేవి ఉండాలి. కనీసం ఒకటి షెల్ బయటికొచ్చాక కొంత దూరం దాకా ఆలస్యం చేయాలి. అవి తెరుచుకోకముందే ఫ్యూజ్ పేలడానికి సిద్ధమయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటికి మించకూడదు. మీరు ఊహించిన ‘చేజారితే’ అన్నదానికి కూడా పరీక్షలున్నాయి. మిల్ స్టాండర్డ్ 331 ప్రకారం 1.5 మీటర్ల నుంచి, 12 మీటర్ల నుంచి గట్టి పలక మీద పడేస్తారు. 12 మీటర్లెందుకంటే ఓడ క్రేన్ నుంచి జారితే ఆ ఎత్తే. ఇంకా, ఫ్యూజ్‌ను మూడు దిక్కుల్లో ఒక్కో దిక్కుకు 1750 సార్లు కుదిపే జోల్ట్, పెట్టెలో వేసి 3600 చుట్లు దొర్లించే జంబుల్. జంబుల్ అయ్యాక ఫ్యూజ్ పనిచేయకపోయినా పర్వాలేదు, పేలకుండా ఉంటే చాలు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు అన్నిటికన్నా వింతగా తోచేది ఇదే: చచ్చిన ఫ్యూజ్ కూడా పాసే.

దీనికి మూల్యం ఉంది. తాళాలు పెరిగితే ఏదో ఒకటి తెరుచుకోకుండా ఉండిపోయే అవకాశమూ పెరుగుతుంది, అంటే బ్లైండ్లు పెరుగుతాయి. గన్ దగ్గర ఉన్నవాడికి క్షేమం, ఇరవై ఏళ్ళ తర్వాత పొలం దున్నేవాడికి కాదు. ఎలక్ట్రానిక్స్ ఈ లాగులాటను కొంత తగ్గించాయి. మన దేశంలో 2023 డిసెంబరులో రక్షణ శాఖ భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) పుణె యూనిట్‌తో సైన్యానికి ఎలక్ట్రానిక్ ఫ్యూజ్‌ల కోసం పదేళ్ళకు రూ.5,336.25 కోట్ల ఒప్పందం చేసుకుంది. సమయం, ఎత్తు లెక్క చిప్ చూసుకున్నా, డిటోనేటర్‌ను పక్కన కూర్చోబెట్టే రోటర్ మాత్రం ఫిరంగి షెల్స్‌లో ఇంకా ఇనుప పళ్ళతోనే తిరుగుతోంది. చిప్ పొరపాటుపడినా రోటర్ తిరగనిదే బూస్టర్‌కు దారి లేదు.

చివరగా, మీరు అడగకపోయినా ఒక జాగ్రత్త. పాత గుండు పునాది తవ్వకంలోనో వలలోనో దొరికితే పైన చెప్పిన భద్రత ఏదీ దానికి వర్తించదు. పేల్చిన షెల్ అయితే తాళాలన్నీ ఎప్పుడో తెరుచుకుని, డిటోనేటర్ వరసలోకి వచ్చి అక్కడే ఉండిపోయి ఉండొచ్చు, మందు వయసుతో మరింత చిరాకుపడి ఉండొచ్చు. మొదటి యుద్ధపు షెల్స్‌లో వాడిన పిక్రిక్ యాసిడ్ అయితే లోహంతో కలిసి మరీ సున్నితమైన ఉప్పులు తయారై ఉంటాయి. తుప్పు గీకడం, తిప్పడం, నీళ్ళ బకెట్లో వేయడం, పోలీసు స్టేషన్‌కు మోసుకెళ్ళడం ఏదీ చేయొద్దు. ఉన్నచోటే వదిలేసి, దూరంగా గురుతు పెట్టి, మనుషుల్ని వెనక్కి పంపి, అవతలికి వెళ్ళాక 112కి ఫోన్ చేయండి.