లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో కోర్సు ఆపినా రీడింగ్ లిస్టు పుస్తకం ఇష్యూ కావట్లేదా?

సెమిస్టర్ అయిపోయి కోర్సు డిసేబుల్ చేశాక కూడా మీ పుస్తకం ‘రిఫరెన్స్’ (బయటికి ఇవ్వని) ఐటెమ్ టైప్‌లోనే ఉండిపోయిందంటే, అదే కాపీ ఇంకో కోర్సు లిస్టులోనూ ఉండి ఉంటుంది. ఒక కాపీ ఎన్ని కోర్సుల్లో ఉన్నా సరే, వాటిలో ఒక్కటి ఎనేబుల్‌లో ఉంటే చాలు, కోహా రిజర్వ్ విలువలనే (కోర్సు కోసం మార్చిపెట్టిన ఐటెమ్ టైప్, లొకేషన్ లాంటివి) నడిపిస్తుంది. చాలామంది చూడనిది ఇదే.

1. కోర్స్ రిజర్వ్స్‌లో (కోహాలో కోర్సుల రీడింగ్ లిస్టులు ఉండే చోటు) మీ కోర్సు తెరవండి. పుస్తకాల పట్టికలో ‘అదర్ కోర్స్ రిజర్వ్స్’ అనే గడి చూడండి. రెండో కోర్సు పేరు అక్కడ దొరుకుతుంది. మాకైతే ఒకే డీబీఎంఎస్ పుస్తకం బీటెక్‌లోనూ ఎంసీఏలోనూ తేలింది!

2. ఆ కోర్సు కూడా అయిపోయి ఉంటే, ఎడిట్ కోర్స్‌లో ‘ఎనేబుల్డ్’ టిక్ తీసి సేవ్ చేయండి. ఇంకా నడుస్తుంటే దాన్ని కదపకండి, వేరే కాపీ ఇష్యూకి ఇవ్వండి.

3. బార్‌కోడ్‌తో వెతికి ఐటెమ్ టైప్, లొకేషన్ పాతవి వచ్చాయో లేదో చూడండి.

తొందరపడి కేటలాగింగ్‌లోకి వెళ్లి ఐటెమ్ టైప్ చేత్తో మార్చొద్దు. కోర్సును డిలీట్ కూడా చేయొద్దు. వచ్చే ఏడాది టిక్ పెడితే లిస్టంతా మళ్లీ వచ్చేస్తుంది.