డాక్టర్ సలహా: రంజాన్‌కు పిల్లల్ని ముందు నెల షాబాన్ నుంచే సిద్ధం చేయండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా ఆయన కువైట్‌లో పనిచేస్తారు. పాపకు 14 ఏళ్లు. నిరుడు రంజాన్‌లో స్కూల్లో ప్రేయర్ జరుగుతుండగా కళ్లు తిరిగి పడిపోయింది. ఆ రోజు నిద్ర లేవలేక సహరీ (తెల్లవారకముందు తినే భోజనం) తినలేదు. బాబుకు 10 ఏళ్లు. ఈసారి నెలంతా రోజా (ఉపవాసం) ఉంటానని పట్టుబట్టాడు. వాళ్ల నాన్న ఫోన్లో ‘ఉండనీ, అలవాటవుతుంది’ అంటారు. మా అత్తగారేమో ‘పసివాడు, వద్దు’ అంటారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇద్దరినీ ఇప్పటి నుంచే ఎలా తయారు చేయాలి?
– ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, రంజాన్ ఇంకా రాకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. నేనూ రోజా ఉండే మనిషినే. పిల్లలు ఈ నెలను భయంతో కాకుండా ఇష్టంతో ఎదురు చూడాలన్నదే నా కోరిక కూడా.

ముందు పాప సంగతి. సహరీ తినలేదు కాబట్టి పడిపోయింది అనుకుని అక్కడితో వదిలేయకండి. ఆ వయసు ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉండడం మన వైపు చాలా మామూలు. ఒంట్లో రక్తం సరిపడా లేని పిల్ల ఖాళీ కడుపుతో ఎండలో నిలబడితే కళ్లు తిరగడంలో ఆశ్చర్యం లేదు. ఈ వారమే దగ్గరలోని పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించండి. 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత ఉన్నట్టే. ఐరన్ మాత్రలు మొదలుపెట్టినా రక్తం పెరగడానికి వారాలు పడుతుంది. ఇప్పుడే చూపించమనడం అందుకే. స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు మాత్రను చాలామంది పిల్లలు నోట్లో వేసుకున్నట్టు నటించి బయట పారేస్తారు. పాప మింగుతోందో లేదో మెల్లగా కనుక్కోండి. అయితే ఆ వారపు మాత్ర రక్తహీనత రాకుండా ఉండటానికి. వచ్చేశాక మోతాదు వేరు, అది డాక్టరే చెప్పాలి. రంజాన్‌లో ఐరన్ మాత్రను ఇఫ్తార్ తర్వాత భోజనం చేశాక వేయండి. దాని వెంటనే టీ తాగనివ్వకండి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఇంకో మాట, ఇది తల్లులకే చెప్పగలను. నెలసరి రోజుల్లో రోజా ఉండకూడదని, తప్పిన వాటిని తర్వాత తీర్చుకోవాలని (దీన్నే ఖజా అంటారు) ధర్మమే చెబుతోంది. అయినా చాలా ఇళ్లలో ఆడపిల్లలు అన్నదమ్ములకు తెలిసిపోతుందన్న సిగ్గుతో ఆ రోజుల్లో కూడా రోజా ఉన్నట్టే తిరుగుతారు. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగరు. వంటింటి తలుపు వెనక నిలబడి ఒక అరటిపండు గబగబా మింగుతారు. అసలే రక్తం పోయే రోజులవి. మీ పాపకు ఆ రోజుల్లో కూర్చోబెట్టి కడుపునిండా అన్నం పెట్టండి. దీనిలో దాచాల్సింది ఏమీ లేదని మీ నోటితోనే చెప్పండి.

నిరుడు అలా వదిలిన రోజాలు ఆమెకు మిగిలే ఉంటాయి కదా. ప్రవక్త (స) భార్య హజ్రత్ ఆయిషా (ర.అ) తనకు మిగిలిన రోజాలను షాబాన్‌లో తీర్చుకునేవారని హదీసులో ఉంది. రంజాన్ తప్పిస్తే ప్రవక్త (స) ఎక్కువగా ఉపవాసాలున్నది కూడా షాబాన్‌లోనే అని ఆమే చెప్పారు. మీ పాప కూడా షాబాన్‌లో సోమ, గురువారాల్లో ఒక్కో ఖజా రోజా ఉండొచ్చు. బాకీ తీరుతుంది, ఒంటికీ అలవాటవుతుంది. ఏ పూట నీరసం వస్తోంది, తలనొప్పి ఎప్పుడు మొదలవుతోంది అన్నది రంజాన్‌కు ముందే మీకు తెలిసిపోతుంది. హిమోగ్లోబిన్ బాగా తక్కువుంటే మాత్రం డాక్టర్ సరేననే వరకు ఆగండి.

ఇక బాబు. పదేళ్లవాడికి రోజా ఫర్జ్ (తప్పనిసరి) కాదు. యుక్తవయసు వచ్చాకే ఆ బాధ్యత. కాబట్టి నెలంతా ఉండాల్సిన అవసరం లేదు, పూర్తిగా వద్దనాల్సిన పనీ లేదు. ప్రవక్త (స) కాలంలో మదీనాలో తల్లులు ఆషూరా (ముహర్రం పదో రోజు) నాడు పిల్లల చేత ఉపవాసం ఉంచేవారు. ఆకలని ఏడిస్తే ఉన్నితో చేసిన బొమ్మలిచ్చి ఇఫ్తార్ దాకా ఆడించేవారు. బుజ్జగించి అలవాటు చేయడం అంటే అదీ. పెద్దవాళ్లకు కాలేయంలో దాచుకున్న చక్కెర నిల్వ చాలా గంటలు వస్తుంది. పిల్లల్లో ఆ నిల్వ తక్కువ, తొందరగా ఖర్చవుతుంది. అందుకే మొదట కొన్నాళ్లు మీతోపాటు సహరీ తిని జొహర్ (మధ్యాహ్నం నమాజ్) దాకా ఉండనివ్వండి. బాగానే ఉంటే తర్వాత అసర్ (సాయంత్రం నమాజ్) దాకా. స్కూల్ లేని ఆదివారం ఒక పూర్తి రోజా. వాడు మధ్యలో తినేస్తే ‘ఓడిపోయావు’ అని ఇంట్లో ఎవరూ అనకూడదు. ఈ సంగతి మీ ఆయనకు కూడా చెప్పండి. ఫోన్ చేసినప్పుడల్లా ‘ఎన్ని రోజాలున్నావు’ అని లెక్క అడిగితే వాడు నీరసాన్ని దాచడం నేర్చుకుంటాడు.

నన్ను అడిగితే, రంజాన్‌లో పిల్లల ఆరోగ్యం పాడయ్యేది ఆకలి వల్ల కన్నా నిద్ర లేకపోవడం వల్లే. తరావీహ్ (రంజాన్ రాత్రుల్లో చేసే నమాజ్) అయ్యాక ఫోన్ పట్టుకుంటే సహరీ దాకా రీల్స్ చూస్తూనే ఉంటారు. తెల్లారాక స్కూల్లో తూగుతారు. పాప వయసుకు రోజుకు కనీసం 8 గంటల నిద్ర కావాలి. రంజాన్‌కు రెండు వారాల ముందు నుంచే రోజూ కాస్త కాస్త తొందరగా పడుకునేలా అలవాటు చేయండి. తరావీహ్ కాగానే ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి. మధ్యాహ్నం అరగంట కునుకు తీయనివ్వండి, ఆ పగటి కునుకు (ఖైలూలా) సున్నత్, అంటే ప్రవక్త (స) అలవాటు కూడా. ఈ మధ్య ఏళ్లలో రంజాన్ పరీక్షల సీజన్‌లోనే వస్తోంది. చదువు సహరీ తర్వాత, ఫజర్ నమాజ్ అయిన వెంటనే పెట్టుకుంటే బుర్రకు బాగా ఎక్కుతుంది.

ఫిబ్రవరి, మార్చిలో మన దగ్గర రోజా సుమారు 13 గంటలు. ఎండ మరీ ముదరకపోయినా డెల్టాలో గాలి తేమగా ఉంటుంది. చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. ఒంటిపూట బడులు మొదలైతే సరిగ్గా మిట్టమధ్యాహ్నం కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి రావాలి. ఆ రోజుల్లో గొడుగో, ఆటోనో చూడండి. క్రికెట్ ఇఫ్తార్ తర్వాతే.

సహరీ చివరి నిమిషంలో లీటరు నీళ్లు గటగటా తాగిస్తే చాలామటుకు మూత్రంలో పోతుంది. ఇఫ్తార్‌కు రెండు గ్లాసులు, తరావీహ్‌కు ముందు, తర్వాత ఒక్కో గ్లాసు, పడుకోబోయే ముందు ఒకటి, సహరీకి రెండు, ఇలా పంచండి. ఇఫ్తార్‌లో కూల్‌డ్రింకుల బదులు కొబ్బరి బొండం, మజ్జిగ మంచివి. సహరీకి అన్నం, పప్పు, గుడ్డు, చివర్లో పెరుగు, ఒక చక్రకేళి పెట్టండి. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు ఆ పూట వద్దు, దాహంతో చంపేస్తాయి. ఖర్జూరం, నీళ్లతో రోజా విప్పాక మగ్రిబ్ నమాజ్ చేసుకుని అప్పుడు భోజనానికి కూర్చోండి. మీ మసీదులో గంజి పోస్తే దానికి మించింది లేదు. బజ్జీలు, సమోసాలు రోజూ కాకుండా ఎప్పుడైనా. పాపకు టీ అలవాటుంటే ఇప్పటి నుంచే తగ్గించండి. మొదటి మూడు నాలుగు రోజుల తలనొప్పి చాలావరకు టీ మానడం వల్లే.

మనసు సంగతి కూడా అడిగారనే అనుకుంటున్నాను. అబద్ధాలాడటం మానని వాడు అన్నపానీయాలు మానడం అల్లాహ్‌కు అక్కర్లేదని ప్రవక్త (స) అన్నారు. పిల్లలకు దీన్ని చిన్నచిన్న పనుల్లో చూపించండి. షాబాన్‌లో రోజుకో పేజీ ఖురాన్, వేళ తప్పకుండా ఒక నమాజ్, తమ్ముడి మీద అరవకుండా ఒక సాయంత్రం. ఇఫ్తార్ పళ్లెం పక్కింటికి పట్టుకెళ్లే పని బాబుకే అప్పజెప్పండి, ఆ ఇల్లు ఎవరిదైనా సరే.

రోజాలో ఉండగా కూర్చున్నా కళ్లు తిరగడం, చల్లటి చెమటలు, చేతులు వణకడం, ఆగకుండా వాంతులు, పొద్దుటి నుంచి మూత్రం రాకపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా ఇఫ్తార్ దాకా ఆగకండి. పిల్లను పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. స్పృహలో ఉంటే చక్కెర నీళ్లు పట్టండి. తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జబ్బు చేసిన వాళ్లు తర్వాతి రోజుల్లో తీర్చుకోవచ్చని ఖురాన్ రెండో సూరా 185వ ఆయత్‌లోనే ఉంది. పాప ఆ ఒక్క రోజా ఖజా చేసుకుంటే సరిపోతుంది. బాబుకైతే అదీ లేదు. ఇంకేదైనా సందేహముంటే మీ ఇమాం గారిని అడగండి.

ఈ జవాబు చదివే మిగతా తల్లిదండ్రులకు: ఇన్సులిన్ వాడే పిల్లలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, సికిల్ సెల్ రక్తజబ్బు ఉన్నవాళ్లు, ఫిట్స్ మందులు వాడేవాళ్లు తమ డాక్టర్‌ను కలవకుండా ఒక్క రోజా కూడా మొదలుపెట్టకూడదు. ఫిట్స్ ఉన్న పిల్లలకు ఒక్క మాత్ర తప్పినా, ఒక రాత్రి నిద్ర చెడినా ఫిట్స్ తిరగబెట్టొచ్చు. మందుల వేళలు సహరీ, ఇఫ్తార్‌లకు మార్చడం కుదురుతుందో లేదో షాబాన్ సగానికి ముందే తేల్చుకోండి.