1798లో ఐర్లండ్ పేదలు బ్రిటిష్ పాలనపై తిరగబడింది మతం కోసమేనా?

కాదు, మతంతో పాటు కౌలు భారం, చర్చి పన్ను, 1793లో వచ్చిన మిలీషియా నిర్బంధం (చీటీలు తీసి స్థానిక సైనిక దళంలో బలవంతంగా చేర్చుకోవడం), వీటికి తోడు ఫ్రెంచ్ విప్లవం రేపిన ఆశ కలిసి వాళ్ళను తిరుగుబాటులోకి దించాయి.

చర్చి పన్నే చూడండి. ఊళ్ళో కాథలిక్కులే ఎక్కువున్నా, పన్ను వెళ్ళేది వాళ్ళది కాని ఆంగ్లికన్ చర్చికి, అంటే ప్రొటెస్టెంట్ల అధికారిక చర్చికి. పైగా పశువుల మేత భూములకు దాదాపు మినహాయింపు ఉండేది, చాలాచోట్ల బంగాళదుంప మడికి మాత్రం ఉండేది కాదు, అంటే వందల ఎకరాల్లో పశువులు మేపే ఆసామి తప్పించుకుంటే, పిల్లల కడుపు నింపే ఆ కాస్త దుంపల్లో కూడా పేదవాడు వాటా ఇచ్చుకోవాలి. ఇంత అన్యాయం కళ్ళెదుట ఉంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

అందుకే డిఫెండర్లు అనే కాథలిక్ పేదల రహస్య దళాలు రాత్రిళ్ళు ప్రమాణాలు చేయించి జనాన్ని కూడగట్టాయి. 1791లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన యునైటెడ్ ఐరిష్‌మెన్ అనే విప్లవ సంఘం తర్వాత వాళ్ళతో చేతులు కలిపింది. కమ్మరి కొలుముల్లో బల్లేలు తయారయ్యాయి.

చాలామంది దీన్ని కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య జరిగిన పోరుగా అనుకుంటారు. కానీ బెల్‌ఫాస్ట్ సంఘాన్ని పెట్టినవాళ్ళలో ఎక్కువమంది ప్రెస్బిటేరియన్లే, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖవాళ్ళే, 1798 జూన్ 7న ఆంట్రిమ్ పట్టణంపై దాడి నడిపి ఉరికంబం ఎక్కిన హెన్రీ జాయ్ మెక్‌క్రాకెన్ కూడా ప్రెస్బిటేరియనే. అలాగని ఆగ్నేయ ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్‌లో మతద్వేషంతో హత్యలు జరగలేదని అనలేం, జరిగాయి.