300 కాస్తా 600 అవుతుందట!

చలికాలం మొదలైతే నాకు ఈ ఉత్తరం తప్పదు. పేట పేరు మారుతుంది, కెమెరా మోడల్ మారుతుంది, ప్రశ్న మాత్రం అదే. ఈసారి మియాపూర్ నుంచి వచ్చింది: "నా దగ్గర 24 మెగాపిక్సెళ్ల డీఎస్‌ఎల్‌ఆర్, 70-300 మి.మీ. జూమ్ లెన్సు ఉన్నాయి. అమీన్‌పూర్ చెరువులో పక్షులు ఫొటోలో బఠాణీ గింజంత వస్తున్నాయి. కెమెరాకు, లెన్సుకు నడుమ బిగించి బొమ్మను పెద్దది చేసే 2ఎక్స్ టెలికన్వర్టర్ కోఠిలో రెండున్నర వేలకు ఇస్తామంటున్నారు. 300 కాస్తా 600 అవుతుందట. కొనమంటారా?"

వద్దు.

600 అవుతుందన్న మాట అబద్ధం కాదు. ఆ అంకె కోసం ఏం పోగొట్టుకుంటారో మాత్రం అమ్మేవారు చెప్పరు. 1.4ఎక్స్ కన్వర్టర్ ఒక స్టాప్ వెలుతురు, అంటే సగం, మింగుతుంది, 2ఎక్స్ రెండు స్టాప్‌లు. మీ లెన్సు 300 దగ్గర తెరుచుకునేది ఎఫ్/5.6 దాకా; ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. కన్వర్టర్ తగిలించగానే అది ఎఫ్/11. సెన్సర్‌కు చేరేది పావువంతు వెలుతురే. పొద్దున ఆరున్నరకు, చెరువు మీద మంచు విడవకముందు, ఐఎస్‌ఓ (ఇది పెంచితే తక్కువ వెలుతురులోనూ ఫొటో వస్తుంది, కానీ చుక్కలు పడతాయి) 800తో నెట్టుకొచ్చే మీరు అదే షట్టర్ వేగానికి 3200కు పోవాలి. 600 దగ్గర చేతి వణుకు కూడా రెట్టింపు కనబడుతుంది గనుక షట్టర్ వేగం పెంచక తప్పదు. అప్పుడు 6400.

ఇక ఆటోఫోకస్. చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఎఫ్/5.6 దాటితే అది చేతులెత్తేస్తుంది. కొన్నింటిలో మధ్యనున్న పాయింట్ ఎఫ్/8 దాకా లాక్కొస్తుంది. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా అయితే ఎఫ్/11 దగ్గర కూడా పనవుతుంది, కానీ మీది అది కాదు. ఒకసారి అరువు తెచ్చిన 2ఎక్స్‌తో అదే చెరువు గట్టున కూర్చున్నాను. ఎండిన తుమ్మకొమ్మ మీద లకుముకి పిట్ట. ఫోకస్ కోసం లెన్సు ఆ కొస నుంచి ఈ కొసకు గిర్రుమని తిరుగుతోంది. పిట్ట నీళ్లలోకి దూకింది, చేపతో వచ్చింది, దాన్ని కొమ్మకేసి నాలుగుసార్లు కొట్టి మింగింది. లెన్సు ఇంకా తిరుగుతూనే ఉంది.

నా కోపమంతా తయారీదారుల మీద. మౌంటు (లెన్సును కెమెరాకు బిగించే చోటు) ఒకటే అయితే ఏ లెన్సుకైనా పడుతుందని మామూలు మనిషి అనుకోవడంలో తప్పేముంది? పేరున్న కన్వర్టర్లలో చాలావాటికి ముందువైపు గాజు బయటికి పొడుచుకు వస్తుంది. వెనక లోతుగా ఖాళీ ఉన్న ఖరీదైన టెలిఫొటో లెన్సులకే అవి సరిపోతాయి. మీలాంటి జూమ్‌కు బలవంతంగా బిగిస్తే గాజుకు గాజు తగిలి గీత పడుతుంది. ఏ లెన్సుకు పడుతుందో చెప్పే జాబితా వెబ్‌సైట్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. పెట్టె మీద దానికి చోటు లేదు గానీ "ప్రొఫెషనల్" అని నాలుగు వైపులా అచ్చు వేయడానికి ఉంది!

పైసా ఖర్చు లేకుండా ముందు ఒక పని చేసి చూడండి. మీ ఫొటోలో నడిమి భాగాన్ని, అడ్డం సగం, నిలువు సగం, కత్తిరించండి. 6 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఫుల్ హెచ్‌డీ టీవీకి రెండు చాలు, ఏ4 ప్రింటుకు కూడా ఆరు సరిపోతాయి. కన్వర్టర్ చేసేదీ లెన్సు ఇచ్చిన బొమ్మను సాగదీయడమే, మసకతో సహా. అది పనికొచ్చేది 300 ఎఫ్/4 లాంటి లెన్సుకు: 1.4ఎక్స్‌తో 420 ఎఫ్/5.6 అవుతుంది. ఎంత దగ్గరగా ఫోకస్ అయ్యేదో అంతే దగ్గరగా అవుతుంది గనుక తూనీగలకు భలే ఉంటుంది.

కత్తిరింపు చాలదంటే 150-600 లెన్సును రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోండి. ఇక్కడే నాకు అసలు భయం. లక్ష రూపాయల సామాను చేతికిచ్చేవారు గుర్తింపు పత్రం అడగడం న్యాయమే. కానీ "ఆధార్ రెండు వైపులా ఫొటో తీసి వాట్సాప్ చేయండి" అంటారు. అది కౌంటర్ కుర్రవాడి సొంత ఫోనులో పడి ఉంటుంది. అతను ఉద్యోగం మానితే అతనితోనే పోతుంది. ఒక దుకాణంలో నాకిచ్చిన డిపాజిట్ రసీదు తిప్పి చూస్తే, వెనక ఎవరో మహిళ ఆధార్ జిరాక్సు: ఫొటో, పుట్టిన తేదీ, పన్నెండు అంకెలు, ఫ్లాట్ నంబరుతో సహా చిరునామా. కాగితం వృథా కాకూడదని రెండో వైపు వాడారట. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, ఆధార్ నంబర్లతో సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు 2018లో మన తెలంగాణలోనే బయటపడింది. కాబట్టి ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటు నుంచి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించుకుని, దాని మీద దుకాణం పేరు, తేదీ, "లెన్సు అద్దె కోసం" అని అడ్డంగా రాసి ఇవ్వండి. మీ వేలిముద్రలతో ఇంకెవరూ ఆధార్ వాడకుండా బయోమెట్రిక్ లాక్ వేయండి. మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి. అసలు కార్డు పెట్టుకుంటామంటే వేరే దుకాణానికి వెళ్లండి.

ఎల్బీనగర్ పాఠకురాలొకరు, ఫోనుకు క్లిప్పుతో తగిలించే టెలి లెన్సు పెట్టినా బొమ్మ దగ్గరికి రావడం లేదంటున్నారు. మీరు 2ఎక్స్ నొక్కగానే ఫోను మీకు చెప్పకుండా పక్క కెమెరాకు మారిపోయి ఉంటుంది. క్లిప్పు లెన్సుకు వేలు అడ్డం పెట్టి చూడండి. తెర నల్లబడకపోతే బొమ్మ వస్తున్నది వేరే కెమెరా నుంచి. 1ఎక్స్‌కు తిరిగి రండి, మందపాటి కవరు కూడా తీసేయండి.