ఐర్లండ్‌లోని కార్క్‌కి ఒంటరిగా వస్తున్న చెల్లికి

చెల్లీ, నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివాను. హోటళ్లలో శాకాహారం దొరుకుతుందా, ఇంట్లో హీటరు ఎలా వాడాలి, కుక్కర్లు ఎన్ని తెచ్చుకోవాలి, నెలకు ఎంత మిగులుతుంది, ఇలా పదహారు ప్రశ్నలు లెక్కపెట్టాను. ఒక్కదాన్నే వస్తున్నానని మాత్రం చివర్న చిన్న ముక్క రాసి వదిలేశావు. నేను ఆ ముక్క దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా పదహారింటికీ వచ్చిన నెల రోజుల్లో నీకే జవాబు దొరుకుతుంది, దీనికి మాత్రం దొరకదు.

ఇక్కడ ఉండటానికి ఇచ్చే ఐఆర్‌పీ కార్డు, పన్నుకీ ఉద్యోగానికీ కావలసిన పీపీఎస్ నంబరు, అద్దె మీద వచ్చే పన్ను రాయితీ, ఇవన్నీ సిటిజెన్స్ ఇన్ఫర్మేషన్ అనే ప్రభుత్వ సైట్లో శుభ్రంగా రాసి పెట్టారు. చదువుకున్నదానివి, చూసుకో. ఇల్లు కళ్లతో చూడకుండా పైసా పంపకు, డిపాజిట్ కింద ఒక నెల అద్దెకు మించి అడగకూడదని ఇక్కడ చట్టం ఉంది, అంతకంటే ఎక్కువ అడిగినవాడిని నమ్మకు. కాగితాల సంగతి ఇంతే.

నేను 2011 అక్టోబరులో దిగాను. అంతకు అయిదు నెలల ముందే ఎలిజబెత్ రాణి ఇక్కడి ఇంగ్లీష్ మార్కెట్ అనే పాత బజారు చూసి వెళ్లిందట, ఊరంతా అప్పటికింకా అదే చెప్పుకుంటున్నారు. నాకు అవేవీ ఎక్కలేదు. షాండన్ అనే పేట దగ్గర, కొండ మీద, పాత ఇంటి పై అంతస్తులో చిన్న ఫ్లాటు. దిగిన మూడు వారాలకు గడియారాలు గంట వెనక్కి తిప్పారు, డిసెంబరు వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆఫీసు నుంచి ఆరింటికి ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేద్దామంటే అక్కడ రాత్రి పదకొండున్నర. నాన్నకు బీపీ, నిద్ర చెడుతుందని చేసేదాన్ని కాదు. అప్పటి నుంచి పడుకునేదాకా నోట్లో మాట అన్నది ఉండేది కాదు. షాండన్ చర్చి గంటలు టికెట్ కొన్నవాళ్లు ఎవరైనా మోగించవచ్చు, చూడటానికి వచ్చినవాళ్లు తప్పులతో ఏదో పాట మోగిస్తుంటే శనివారం మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని వినేదాన్ని. అదే నాకు మనిషి అలికిడి.

ఇందులో నా తప్పు ఉంది, అది నువ్వు చేయకూడదనే ఇంత రాస్తున్నాను. ఆఫీసులో చేరిన మొదటి శుక్రవారమే మా టీమ్ వాళ్లు భోజనానికి రమ్మన్నారు. మెనూ చూశాను. సూపు, బ్రౌన్ బ్రెడ్డు కలిపి 6 యూరోలు. వెంటనే మనసులో లెక్క, నాలుగొందల రూపాయలు, మా ఊళ్లో దాంతో ఇంటిల్లిపాదికీ టిఫిన్ వస్తుంది. డబ్బా తెచ్చుకున్నానని చెప్పి తప్పించుకున్నాను. రెండో వారం కూడా అదే మాట, మూడో వారం కూడా. మనవాళ్లయితే చెయ్యి పట్టుకుని లాక్కెళతారు, ఇక్కడ అలా కాదు, మూడుసార్లు వద్దంటే ఈమెకు ఇష్టం లేదు కాబోలు, ఇబ్బంది పెట్టకూడదు అనుకుని అడగడం మానేస్తారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, మర్యాద కొద్దీ మానేశారు. ఏడు నెలలు నా డెస్క్ దగ్గర నేను, నా పప్పన్నం డబ్బా. ఆ ఏడు నెలల్లో నేను మిగిల్చిన సొమ్ము రెండు వందల యూరోలు ఉంటుందేమో. ఆ సొమ్ము ఏమైందో గుర్తు లేదు. ఆ చలికాలం మాత్రం రోజు రోజూ గుర్తుంది.

కాబట్టి వచ్చిన మొదటి మూడు నెలలు యూరోని రూపాయల్లోకి మార్చి చూడకు. జీతం యూరోల్లో, ఖర్చు యూరోల్లో. వారానికి ఒక పూట బయట భోజనానికని పక్కన పెట్టు, దాన్ని బస్సు పాస్ లాగా తప్పని ఖర్చు అనుకో. ఇప్పుడొస్తున్న పిల్లలు ఫోన్లో ఆర్డర్ పెట్టుకుని గదిలో తలుపేసుకుని తింటున్నారు, అదేదో సుఖం అనుకుంటున్నారు, మొదటి డిసెంబరులో తెలుస్తుంది.

బయటికి వెళ్లినప్పుడు తెలుసుకోవలసినవి కొన్ని చెప్తాను. పబ్బు అంటే మందు కొట్టు అని మనవాళ్లు భయపడతారు. మధ్యాహ్నం పూట ఇక్కడ చాలా పబ్బులు అచ్చంగా భోజనాల హోటళ్లే, పిల్లలు, ముసలివాళ్లు అందరూ ఉంటారు, నువ్వు ఆరెంజ్ జ్యూసు తాగితే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ రౌండ్ల సంగతి తెలుసుకో. నలుగురు కూర్చుంటే ఒక్కొక్కరు ఒక్కోసారి లేచి అందరికీ తెస్తారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒకాయన నాకు జ్యూసు తెచ్చిచ్చాడు, రెండోసారి ఇంకొకామె తెచ్చింది, నేను థాంక్స్ చెప్పి తాగేసి ఇంటికొచ్చేశాను, ఎంత మంచివాళ్లో అనుకుంటూ. నా వంతు ఎగ్గొట్టానని ఆర్నెల్లకు ఒక మలయాళీ నర్సు చెబితే గానీ తెలియలేదు. సిగ్గుతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు రెండో వంతుకే లేచి అందరికీ ఏం కావాలో అడుగు, లేదంటే మొదట్లోనే నాది నేను తెచ్చుకుంటానని చెప్పెయ్.

టేబుల్ దగ్గరికి తెచ్చి వడ్డించే చోట నూటికి పది టిప్పు మర్యాద, తప్పనిసరి కాదు. పెద్ద గుంపుగా వెళితే బిల్లులోనే సర్వీసు చార్జీ కలిపేస్తారు, చూసుకుని ఇవ్వు. మంచినీళ్లు కావాలంటే కుళాయి నీళ్లు అడుగు, ఊరికే ఇస్తారు, బాటిల్ అంటే డబ్బు. వంటింట్లో చాలాచోట్ల రాత్రి తొమ్మిదికల్లా పొయ్యి ఆపేస్తారు, మన ఊళ్లో లాగా పదింటికి బయల్దేరితే పస్తే. సాయంత్రం పెందలాడే వెళ్లేవాళ్లకు ఎర్లీ బర్డ్ అని తక్కువ ధరకి మెనూ ఉంటుంది, డబ్బు దగ్గర మనసు పీకితే అప్పుడు వెళ్లు. ఎవరి ప్లేటు వాళ్లదే, మధ్యలో పెట్టుకుని పంచుకోవడం అన్ని చోట్లా ఉండదు.

తిండి విషయానికొస్తే, నువ్వు బీఫ్ తినవు కాబట్టి కీమా కలిపే లజాన్యా, గ్రేవీ ఉన్నవి అడక్కుండా ముట్టుకోకు. డ్రిషీన్ అని కార్క్ వాళ్లకు ప్రాణమైన వంటకం ఒకటి ఉంది, బ్లాక్ పుడింగ్ ఇంకొకటి, రెండూ రక్తంతో చేసేవి. కూరగాయల సూపులో కూడా కొన్నిచోట్ల చికెన్ ఉడికించిన నీళ్లు పోస్తారు, కనుక్కో. అడిగితే చిరాకు పడరు, పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాల్లో ఏవి ఉన్నాయో రాసి చూపాలని నియమం ఉంది కాబట్టి ఇలాంటి ప్రశ్నలు వాళ్లకు అలవాటే. పూర్తి శాకాహారం కావాలంటే 1993 నుంచి పేరున్న పారడీసో అనే హోటలు ఉంది, ఖరీదు ఎక్కువ, అమ్మానాన్న వచ్చినప్పుడు తీసుకెళ్లు. మామూలు రోజుల్లో ఇంగ్లీష్ మార్కెట్. 1788 నాటిది, చేపలు, మాంసం, రొట్టెలు, ఆలివ్‌లు అన్నీ అక్కడే. పైన మేడ మీద కూర్చుని టీ తాగుతూ కింద బేరాలు చూడవచ్చు. నేను ఇప్పటికీ శనివారం పొద్దున అక్కడికే వెళతాను, చేపలామెకు నా పేరు తెలుసు, ఈ వారం ఏది బాగుందో నేను అడగకముందే చెప్తుంది. అలా పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కరు దొరకడానికి నాకు రెండేళ్లు పట్టింది. సూపర్ మార్కెట్లో మిషన్ దగ్గర స్కాన్ చేసుకుని వచ్చేస్తే ఇరవయ్యేళ్లయినా దొరకరు.

ఇక ఇల్లు. ఇక్కడ నేల మీద నీళ్లు పోయడానికి లేదు, బాత్రూంలో తొట్టి బయట నీళ్లు పోయే తూము ఉండదు, చెంబుతో స్నానం చేస్తే కింది ఇంటి సీలింగ్ మీద మరక తేలుతుంది. గోడకి పైన చిన్న జాలీ ఉంటుంది, అందులోంచి చలిగాలి వస్తుంటే నేను ప్లాస్టర్ అంటించి మూసేశాను, తెలివైన పని అనుకున్నాను. బట్టలు కూడా గదిలోనే రేడియేటర్ మీద ఆరేసేదాన్ని. ఫిబ్రవరికల్లా మంచం వెనక గోడంతా నల్లటి బూజు, దగ్గు. ఆ జాలీ తడి బయటికి పోవడానికి పెట్టింది. మూయకు, వంట చేసేటప్పుడు కిటికీ తెరువు, తేమ లాగే మిషన్ ఒకటి కొనుక్కో. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇల్లు వేడిని ఎంత పట్టి ఉంచుతుందో చెప్పే బీఈఆర్ రేటింగు ఎంతో అడుగు, ఏ నుంచి జీ దాకా ఉంటుంది, జీ వైపుకి పోయేకొద్దీ అద్దె తక్కువని సంతోషపడినా వేడి బిల్లులో కట్టేస్తావు.

పాత ఇళ్లలో నీళ్లు కాచడానికి ఇమర్షన్ అని స్విచ్ ఉంటుంది, సింక్, బాత్ అని రెండు గుర్తులతో. ఆపడం మరిచిపోయి శని, ఆదివారాలు ఊరెళ్లాను, ఆ నెల కరెంటు బిల్లు చూసి కళ్లు తిరిగాయి. ఆ నీళ్ల తొట్టి ఉండే బీరువాని హాట్ ప్రెస్ అంటారు, తువ్వాళ్లు, దుప్పట్లు వెచ్చగా ఉండటానికి అందులో పెడతారు. ఇది మాత్రం బాగా గుర్తు పెట్టుకో, దోసెల పిండి ఈ చలిలో బయట పెడితే రెండు రోజులైనా పులవదు, హాట్ ప్రెస్‌లో పెడితే తెల్లారేసరికి పొంగి ఉంటుంది. నాకు ఇది ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను, ఆ తర్వాత ఈ ఊళ్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

పోపు సంగతి చెప్పాలి. ఒక రాత్రి ఎండుమిరపకాయల పోపు పెట్టగానే స్మోక్ అలారం మొదలైంది, ఎలా ఆపాలో తెలియదు, భవనమంతా మోగిపోతోంది. కింది అంతస్తులో ఉండే డెబ్బై దాటిన పెద్దావిడ గౌనుతోనే మెట్లెక్కి వచ్చింది. నేను పదిసార్లు సారీ చెప్పాను. ఆవిడ వంటింటి గుడ్డ తీసుకుని అలారం కింద నాలుగుసార్లు ఊపి ఆపేసి, నీకేం కాలేదు కదా అని అడిగి వెళ్లిపోయింది. నాకు మాత్రం భయం పట్టుకుంది, ఇల్లు ఖాళీ చేయిస్తారేమోనని మూడు వారాలు పొయ్యి వెలిగించకుండా బ్రెడ్డు, పాలతో గడిపాను. మూడో వారం ఆవిడే మళ్లీ వచ్చింది. నీ వంట వాసన రావడం లేదు, ఒంట్లో బాగాలేదా అంది. తలుపు దగ్గర ఏడ్చేశాను. లోపలికి వచ్చి టీ తాగమంది, మొహమాటంతో వద్దన్నాను, మళ్లీ అడిగింది, మళ్లీ వద్దన్నాను, మూడోసారి చెయ్యి పట్టుకుంది. అచ్చం మన ఇళ్లలో లాగానే, ఇక్కడ కూడా మొదటి రెండు వద్దులు మర్యాదకే, ఇంటి దగ్గర మూడోసారి కూడా అడుగుతారు. హోటలుకి రమ్మన్నప్పుడు అడగరు, అదే తేడా. నువ్వు వాళ్లింటికి వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లకు, బిస్కెట్ల డబ్బా అయినా చాలు.

ఆవిడ చిక్కటి బారీస్ టీ, వెన్న రాసిన బ్రౌన్ బ్రెడ్డు పెట్టి, బోస్టన్‌కి వెళ్లిపోయిన తన అక్క గురించి చెప్పింది. ఒకప్పుడు ఊరు విడిచి అమెరికా వెళ్లేవాళ్లకు ముందు రోజు రాత్రి చావు జాగారం లాగా చుట్టాలంతా కూడి తెల్లవార్లూ కూర్చునేవారట, మళ్లీ చూస్తామన్న ఆశ లేక. కార్క్ కెంట్ స్టేషన్‌లో రైలెక్కితే అరగంట లోపు కోవ్ రేవు వస్తుంది, తప్పకుండా వెళ్లి చూడు. ఆనీ మూర్ అనే పిల్ల, ఇద్దరు తమ్ముళ్లతో అక్కడి నుంచే ఓడెక్కి, 1892 జనవరి 1న న్యూయార్క్‌లో వలస వచ్చేవాళ్లను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్ కేంద్రం తెరిచిన రోజు అందరికంటే ముందు అడుగుపెట్టింది, రేవు దగ్గర వాళ్ల విగ్రహం ఉంది. ఈ ఊళ్లో దాదాపు ప్రతి ఇంటికీ అలా వెళ్లిపోయిన మనిషి ఒకరుంటారు. అందుకే ఒంటరిగా వచ్చిన పిల్లని చూస్తే వీళ్ల మనసు కరుగుతుందని నా నమ్మకం. కానీ నువ్వు తలుపు తీయాలి.

ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆదివారం దోసెలు కిందికి తీసుకెళ్లేదాన్ని, పచ్చడి వద్దనేది, వెన్నతో రెండు తినేది. ఇప్పుడు నాకు ఊరి శివారు డగ్లస్‌లో సొంత ఇల్లు ఉంది, ఎవరి సాయం లేకుండా కొనుక్కున్నాను, కొత్తగా వచ్చిన పిల్లలు నెలకోసారి మా ఇంట్లోనే భోంచేస్తారు, నువ్వూ వస్తావు. కుక్కరు ఒకటి చాలు, మూడు లీటర్లది. కందిపప్పు, కారం ఇక్కడే దొరుకుతాయి, బరువు మోయకు, ఆవకాయ ఒక్కటి అమ్మ చేతిది తెచ్చుకో.

అమ్మకి ఫోన్ సాయంత్రం కాదు, చలికాలంలో పొద్దున ఏడింటికి చెయ్. అక్కడ పన్నెండున్నర అవుతుంది, వంట దింపి నాన్న కోసం చూస్తూ కూర్చుని ఉంటుంది, తీరిగ్గా మాట్లాడుతుంది.