ఆటిజం ఉన్నవాళ్లందరికీ అసాధారణ ప్రతిభ ఉంటుందా?

ఉండదు, ఆటిజం ఉన్నవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికే అలాంటి 'సావంత్' ప్రతిభ ఉంటుందని సాధారణంగా చెప్పే లెక్క, పైగా ఆ ప్రతిభ, సృజనాత్మకత ఒకటి కావు.

సావంత్ అంటే రోజువారీ పనుల్లో ఇబ్బంది పడుతున్నా ఏదో ఒక్క విషయంలో మాత్రం నోరెళ్లబెట్టేంత నైపుణ్యం ఉన్న మనిషి. ఆ విషయాలూ కొన్నే: సంగీతం, బొమ్మలు, లెక్కలు, ఫలానా తేదీ ఏ వారమో ఠక్కున చెప్పడం లాంటివి. దీనికి ఎక్కువగా వినిపించే కారణం, ఆటిజంలో మెదడు, ఒకదాని మొత్తం రూపం కన్నా ముందు చిన్నచిన్న వివరాలను పట్టుకోవడం. చెట్టు కన్నా ముందు ఆకులు కనిపిస్తాయన్నమాట. నచ్చిన పనిని విసుగు లేకుండా గంటల తరబడి చేసే స్వభావం దానికి తోడైతే నైపుణ్యం పదునెక్కుతుంది.

ఆటిజం ఉన్న బ్రిటిష్ చిత్రకారుడు స్టీఫెన్ విల్ట్‌షైర్‌నే చూడండి. 2005లో హెలికాప్టర్‌లో కాసేపు టోక్యో మీద తిరిగి, తర్వాత 10 మీటర్ల కాన్వాస్‌పై ఆ నగరాన్ని గుర్తున్నది గుర్తున్నట్టు గీశాడు. ఇందులో ముందు కనిపించేది జ్ఞాపకశక్తి. సృజన అంటే లేనిదాన్ని ఊహించడం. అలాగని సావంత్‌లకు సృజన ఉండదనీ కాదు. అనుకరణతో మొదలుపెట్టి సొంత బాణీలు కట్టినవాళ్లూ ఉన్నారు.

'ఆటిజం అంటే మేధావి' అనే అపోహకు 1988 నాటి 'రెయిన్ మ్యాన్' సినిమా బాగా ఊతమిచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఆ సినిమాలో ఆటిజం ఉన్న మేధావి పాత్రకు ప్రేరణ అయిన కిమ్ పీక్‌ అనే వ్యక్తికి ఉన్నది ఆటిజం కాదని తర్వాత నిపుణులు భావించారు. సావంత్‌లలోనూ ఆటిజం ఉన్నవాళ్లు దాదాపు సగమే.