పంపిన అంకెను ఎవరు చూస్తున్నారు?

ఇంట్లో షుగర్, బీపీ చూసుకొనే పరికరాలు ఫోన్లకు ముడిపడిన తరువాత ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారింది. మునుపు "ఈ మందు వేసుకోవచ్చా" అని అడిగేవారు, ఇప్పుడు "ఈ అంకెను నమ్మవచ్చా" అని అడుగుతున్నారు. ఈసారి అటువంటి ఆరు ఉత్తరాలకు జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మావారికి అరవై నాలుగేళ్లు. పన్నెండేళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటున్నారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి చేతికి అతికించే షుగర్ సెన్సార్ పెట్టించాడు. మొన్న రాత్రి మూడు గంటలకు అలారం మోగింది, ఫోన్‌లో 58 చూపించింది. నేను కంగారుగా పంచదార నీళ్లు కలుపుతుండగానే అబ్బాయి అక్కడి నుంచి ఫోన్ చేశాడు. వేలు గుచ్చి చూస్తే 94 వచ్చింది. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ రెండు పరికరాలు కొలిచేది ఒకే ద్రవాన్ని కాదు. గ్లూకోమీటర్ వేలికొనలోని రక్తంలో ఉన్న గ్లూకోజును చూస్తుంది. సెన్సార్ నుంచి చర్మం కిందికి దిగిన సన్నని తీగ మాత్రం కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజును చూస్తుంది. రక్తంలో వచ్చిన మార్పు ఆ ద్రవానికి చేరడానికి సుమారు ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది గనుక, భోజనం చేసిన కాసేపటికీ, నడిచి వచ్చిన వెంటనే కూడా రెండు అంకెలు కలవకపోవడం సహజం.

అయితే రాత్రి మూడు గంటలకు భోజనమూ లేదు, నడకా లేదు. మీవారు ఏ పక్కకు తిరిగి పడుకున్నారో మీరు రాయలేదు. సెన్సార్ ఉన్న చేయి ఒంటి కింద నలిగితే అక్కడి కణజాలం ఒత్తుకుపోయి, షుగర్ పడిపోకపోయినా పడిపోయినట్లు చూపిస్తుంది. ఫోన్‌లో ఆ రాత్రి గీతను ఒకసారి తీసి చూడండి. నున్నగా సాగుతున్న గీత ఉన్నట్టుండి గుంతలో పడినట్లు దిగి, ఆయన పక్క మార్చుకోగానే అంతే వేగంగా పైకి లేచి ఉంటే దోషం పడకదే. తరువాతి సెన్సార్‌ను ఆయన ఒత్తుకోని చేతికి అతికించండి.

ఇలా చెప్పానని రాత్రి అలారాన్ని తేలికగా తీసుకోవద్దు. చెమటలు, వణుకు, తడబడే మాట కనిపిస్తే ఏ అంకె కోసమూ ఆగకుండా మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. పంచదార ఇచ్చిన పదిహేను నిమిషాలకు మళ్లీ చూడవలసింది వేలు గుచ్చే. సెన్సార్ వెనకబడి ఉంటుంది కాబట్టి అప్పటికీ 62, 60 అనే చూపుతుంటుంది. దాన్ని చూసి భయపడి ఇంకో గ్లాసు, ఇంకో గ్లాసు పోసి, తెల్లవారేసరికి షుగర్‌ను మూడు వందలు దాటించిన ఇళ్లను నేను చూశాను. వేలు గుచ్చే ముందు చేయి కడగాలని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను, మామిడిపండు కోసిన చేతితో చూస్తే గ్లూకోమీటరూ అబద్ధమే చెబుతుంది. విటమిన్ సి మాత్రలు పెద్ద మోతాదులో వాడుతుంటే కొన్ని రకాల సెన్సార్లు షుగర్‌ను ఎక్కువగా చూపిస్తాయి. అదీ మీ డాక్టరుకు చెప్పండి.

ఇక అబ్బాయి సంగతి. తెనాలిలో తెల్లవారుజామున మూడయితే డాలస్‌లో సాయంత్రం. అతను మెలకువగా ఉంటాడు, మీరు అలారం వినకుండా నిద్రపోతే లేపగలడు. అది మేలే. కానీ పంచదార నీళ్లు కలపవలసింది మీరు. అందుచేత అలారం మోగిన పది నిమిషాల తరువాతే అతను ఫోన్ చేయాలనీ, మీరు ఎత్తకపోతే ఫలానా పక్కింటివారికి చేయాలనీ, ఇన్సులిన్ మోతాదును మాత్రం అక్కడి నుంచి మార్చకూడదనీ ముగ్గురూ కూర్చొని ముందే అనుకోండి. అబ్బాయి నిజంగా సాయపడగలిగిన పని ఇంకొకటి ఉంది. పద్నాలుగు రోజుల నివేదికను ఫోన్ నుంచి తీసి, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు మీకు పంపించడం. అందులో షుగర్ 70కీ 180కీ మధ్య ఎంత సేపు ఉందో శాతాల్లో ఉంటుంది. సాధారణంగా 70 శాతం పైన ఉండాలంటారు. వయసు మళ్లి, ఇతర జబ్బులూ ఉన్నవారిలో సగానికి పైన ఉన్నా సరిపెట్టుకొని, 70 కిందికి పడిపోకుండా చూడడానికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాం.

ప్రశ్న: మా ఊరి పల్లె దవాఖానలో సిస్టరమ్మ ట్యాబ్ పెట్టి పెద్ద డాక్టరుతోని మాట్లాడిస్తున్నది. నాడి పట్టి చూడని డాక్టరు రాసిన మందు మింగనీకి నాకు మనసొప్పుతలేదు. నాది మూఢత్వమేనా?
– ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: మూఢత్వం కాదు. అయితే మీ చేయి పట్టేవారు ఆ గదిలోనే ఉన్నారు. మీరు చూసింది ఈ-సంజీవని అనే కేంద్ర ప్రభుత్వ సేవ అయి ఉంటుంది. ఊళ్లోని ఆరోగ్య కేంద్రాన్ని పెద్ద ఆస్పత్రి డాక్టరుతో కలిపే పద్ధతి 2019 నవంబరులో మొదలయింది, ఇంటి నుంచే రోగి డాక్టరుతో మాట్లాడే పద్ధతి 2020 ఏప్రిల్‌లో కరోనా కాలంలో వచ్చింది. నా మటుకు మొదటిదే మెరుగైనది, ఎందుకంటే బీపీ, షుగర్, జ్వరం చూసి, పుండును దగ్గరగా చూపించి, డాక్టరు చెప్పిన మందు మీకు అర్థమయ్యేలా మళ్లీ చెప్పే మనిషి మీ పక్కనే ఉంటారు.

తెర మీద కుదరనివి కూడా ఉన్నాయి. పొట్ట నొక్కి చూడలేము, గడ్డ మెత్తనో గట్టో తెలియదు, చంటిబిడ్డ ఊపిరిని చెవి పెట్టి వినలేము. బీపీ మాత్రలు అయిపోయినప్పుడు, చర్మం మీద దద్దుర్లకు, రక్తపరీక్షల కాగితం అర్థం చేసుకోవడానికి ఆ ట్యాబ్ ముందు నిశ్చింతగా కూర్చోండి. కొత్తగా వచ్చిన కడుపునొప్పికీ, ఆయాసానికీ కూర్చోకండి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, చూడకుండా చెప్పలేనని డాక్టరుకు అనిపిస్తే స్వయంగా రమ్మనవచ్చు. షెడ్యూల్ ఎక్స్ మందులను (అంటే చట్టం గట్టి అదుపులో ఉంచిన మందులను), మత్తు మందులను ఈ పద్ధతిలో రాయనే కూడదు. అలా రమ్మన్న డాక్టరు మీద కోపం తెచ్చుకోకండి, ఆయన మీ మేలు కోరే రమ్మన్నాడు.

మన తెలుగు నేలకు ఇది కొత్తేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండలోని ఆస్పత్రిని ఉపగ్రహం ద్వారా పట్టణ వైద్యులతో కలిపే ఏర్పాటును 2000 మార్చి 24న, అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు ప్రారంభించారు. ఆనాడు డిష్ యాంటెన్నా కావలసి వచ్చిన పనిని ఈనాడు సిస్టరమ్మ చేతిలోని ట్యాబ్ చేస్తున్నది.

ప్రశ్న: నాకు యాభై మూడేళ్లు. మెట్లెక్కుతుంటే ఛాతీ మధ్యలో బరువుగా అనిపించి, ఎడమ దవడ దాకా లాగింది. చేతి వాచీలో ఈసీజీ తీసుకుంటే "సైనస్ రిథమ్" అని వచ్చింది. నిశ్చింతగా ఉండవచ్చునా?
– ఒక పాఠకుడు, పార్వతీపురం

జవాబు: ఉండకూడదు. మీ ఉత్తరం చేరిన రోజే మీకు ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లమని చెప్పాను. ఇక్కడ రాస్తున్నది మిగిలినవారి కోసం.

ఆస్పత్రిలో తీసే ఈసీజీ గుండెను పన్నెండు దిక్కుల నుంచి చూస్తుంది. వాచీ చూసేది ఒకే ఒక్క దిక్కు నుంచి. గుండె లయ తప్పిందా లేదా అన్నది దానికి తెలుస్తుంది; "సైనస్ రిథమ్" అంటే లయ మామూలుగా ఉందని మాత్రమే. రక్తనాళం మూసుకుపోయిందా అన్నది తెలియదు. గుండెపోటు జరుగుతున్నప్పుడు కూడా లయ చక్కగా ఉండవచ్చు, అప్పుడు వాచీ మీకు చూపేది ఆ చక్కని లయనే. తయారీదారులే గుండెపోటును ఈ వాచీ పసిగట్టలేదని రాసి ఇస్తారు, ఆ చిన్న అక్షరాలను మనం చదవము.

వాచీ పనికిరాదని నేను అనడం లేదు. అమెరికాలో 4,19,297 మందితో జరిగిన ఆపిల్ హార్ట్ స్టడీ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. నాడి లయ తప్పిందన్న హెచ్చరిక వచ్చింది వారిలో 0.52 శాతం మందికే. అలా హెచ్చరిక వచ్చి, తరువాత ఈసీజీ తీసే పట్టీని ఛాతీకి అతికించుకొని, దాన్ని తిరిగి పంపినవారిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపించింది. పక్షవాతానికి దారితీయగల లయదోషం అది. కనుక వాచీ హెచ్చరిస్తే పరీక్ష చేయించుకోండి. వాచీ ఏమీ లేదన్నా ఛాతీ ఉందంటుంటే ఛాతీ మాటే వినండి.

దూరంగా ఉన్న వైద్యుడికి ఈసీజీని చేరవేసే పద్ధతి నిజంగా ప్రాణం పోస్తున్నది వేరొకచోట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రులలో "స్టెమీ" పేరుతో నడుస్తున్న కార్యక్రమంలో, చిన్న పట్టణంలోని ఆస్పత్రిలో తీసిన పన్నెండు లీడ్ల ఈసీజీ నిమిషాలలో పెద్ద ఆస్పత్రిలోని గుండె వైద్యుడికి చేరుతుంది. ఆయన గుండెపోటేనని నిర్ధారిస్తే రక్తనాళంలోని గడ్డను కరిగించే టెనెక్టిప్లేజ్ ఇంజెక్షన్‌ను అక్కడే చేసి, తరువాత పెద్ద ఆస్పత్రికి పంపిస్తారు. ఈ మందు నొప్పి మొదలైన పన్నెండు గంటల లోపు ఇవ్వవలసినది, మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తే ఎక్కువ మేలు చేసేది. వాచీ ముందు కూర్చొని మూడోసారి, నాలుగోసారి ఈసీజీ తీసుకొనేవారు పోగొట్టుకొనేది సరిగ్గా ఆ గంటలనే.

ప్రశ్న: సూది గుచ్చకుండా షుగర్ చూపే వాచీ రెండున్నర వేలకు ఆన్‌లైన్‌లో ఉంది. కొనవచ్చా?
– అనకాపల్లి

జవాబు: వద్దు. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అదే డబ్బుతో మంచి గ్లూకోమీటరు, రెండు డబ్బాల స్ట్రిప్పులు వస్తాయి.

ప్రశ్న: ఆస్పత్రిలో ఓపీ చీటీ కోసం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నారు. ఆభా నంబరు తీసుకున్నాను. ఇక నా జబ్బుల చిట్టా అంతా అందరి కంటా పడుతుందా? తీసుకోకపోతే వైద్యం చేయరా?
– ఒక ఉపాధ్యాయిని, కడప

జవాబు: ముందు మీ రెండవ ప్రశ్నకు జవాబు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ వచ్చింది, అందులో మీ ఆరోగ్య గుర్తింపు సంఖ్య అయిన పద్నాలుగు అంకెల ఆభా నంబరు తీసుకోవడం మీ ఇష్టం. లేదన్న కారణంతో వైద్యం నిరాకరించడానికి వీలులేదు. ఓపీ దగ్గర కోడ్ స్కాన్ చేసినప్పుడు వెళ్లేది మీ పేరు, వయసు, ఫోను నంబరు వంటి వివరాలే. మీ పాత జబ్బులు వెళ్లవు. వరసలో గంట నిలబడే పని తప్పి ఫోన్‌కు టోకెన్ వస్తుంది.

రికార్డుల సంగతికి వస్తే, అవన్నీ ఒకేచోట కుప్పపోసి ఉండవు. ఏ ఆస్పత్రి రాసినవి ఆ ఆస్పత్రి కంప్యూటరులోనే ఉంటాయి. వేరొకరు చూడాలంటే మీ ఫోన్‌కు అనుమతి అడుగుతూ సందేశం వస్తుంది. ఏ కాగితాలు, ఎంత కాలానికి అన్నది మీరే నిర్ణయించవచ్చు, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. ఆచరణలో మాత్రం కౌంటరు దగ్గర రద్దీలో "ఓటీపీ చెప్పండమ్మా" అనగానే చదివి వినిపించేవారే ఎక్కువ. దేనికని ఒక్కమాట అడగండి, సందేశం చదివి గాని చెప్పకండి. ఇంటికి ఫోన్ చేసి అడిగితే అసలే చెప్పకండి.

ఆస్పత్రి కంప్యూటర్లకు ఆపద రాదని నేను మీకు హామీ ఇవ్వలేను. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, చాలా రోజులు పనులన్నీ చేతిరాతతో నడిపారు. అందుకే ముఖ్యమైన డిశ్చార్జి సమ్మరీలు, ఆపరేషన్ నోట్సు, మందుల అలర్జీల వివరాలు ఒక కాగితపు ఫైలులో కూడా ఉంచుకోండి.

ప్రశ్న: నేను ఒక చిన్న పట్టణంలో ఎండీ జనరల్ మెడిసిన్ చేసిన వైద్యుణ్ణి. రోగులు రాత్రి పదకొండుకు బీపీ స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపుతారు. రోజుకు నలభై దాటుతున్నాయి. చూడకపోతే నింద, చూస్తే నిద్ర లేదు. మీరు ఎలా నెగ్గుకొస్తున్నారు?
– పల్నాడు జిల్లా

జవాబు: చాలాకాలం నెగ్గుకురాలేదు. ఒకనాటి రాత్రి ఒక పెద్దాయన పంపిన 190/110 నేను ఉదయం ఏడింటికి చూశాను. ఆయనకు ఏమీ కాలేదు, కాని నేను చూశాననే ధైర్యంతో ఆయన రాత్రంతా ఇంట్లోనే ఉండిపోయాడు. నీలిరంగు టిక్కులు పడలేదని ఆయనకు తెలియదు. ఆ మరునాడే గోడ మీద కాగితం అంటించాను. సందేశాలు మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకే చూస్తాను, ఛాతీనొప్పి, మాట తడబాటు, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పడం ఉంటే సందేశం పంపకుండా 108కి ఫోన్ చేయండి అని. సలహా ఇచ్చిన ప్రతిసారీ కేసు షీటులో ఒక వాక్యం రాస్తాను, మందు మార్చితే రుసుము తీసుకొని రసీదు ఇస్తాను. 2020 మార్గదర్శకాలు వాట్సాప్ సంప్రదింపును ఒప్పుకుంటాయి, రుసుమునూ ఒప్పుకుంటాయి, కాని రికార్డు ఉంచడం వైద్యుడి బాధ్యతే అంటాయి. కాబట్టి మొహమాటపడకండి.

అసలు మందు స్క్రీన్‌షాట్లను తగ్గించడం. కంగారు పుట్టినప్పుడల్లా చూసుకొనే బీపీ ఆ కంగారునే కొలుస్తుంది. నేను అరఠావు కాగితం మీద గళ్లు గీయించి ఇస్తాను. ఏడు రోజులు, ఉదయం మాత్రలకు ముందు రెండుసార్లు, రాత్రి పడుకోబోయే ముందు రెండుసార్లు. వీపు ఆనించి, పాదాలు నేలమీద ఉంచి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చున్న తరువాత, మణికట్టు మిషనుతో కాకుండా జబ్బకు చుట్టే మిషనుతో, సరిపోయే పట్టీతో. మొదటి రోజు అంకెలు కొట్టేసి, మిగిలిన ఆరు రోజుల సగటు చూస్తాను. అది 135/85 అయినా, దాటినా అప్పుడు మందుల గురించి ఆలోచిస్తాను. ఇప్పుడు నాకు వారానికి ఒక్కొక్కరి నుంచి ఒక్క ఫోటో వస్తున్నది. మిషను యాప్‌లో చక్కని గ్రాఫు ఉన్నా, చాలామంది పెన్నుతో నింపిన ఆ కాగితాన్నే ఫోటో తీసి పంపుతున్నారు. నాకు అదే చదవడానికి హాయిగా ఉంది.